వాట్సాప్‌లో నాయకుణ్ని తిడితే 66ఏ కేసు పెడతారా?

పెట్టలేరు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది.

కారణం ఆ సెక్షన్ మాటల్లోనే ఉంది. ఆన్‌లైన్‌లో పెట్టింది ఎవరికైనా 'చిరాకు', 'అసౌకర్యం' కలిగిస్తే చాలు, మూడేళ్ల దాకా జైలు. ఎవరి చిరాకు, ఎంత చిరాకు? దానికి కొలత లేదు. రాజ్యాంగం 19(2) అధికరణం మాటకు హద్దు పెట్టడానికి ఎనిమిది కారణాలే చెప్పింది: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి ఉసిగొల్పడం లాంటివి. చిరాకు అందులో లేదు. చర్చించడం, ఒక పక్షాన గట్టిగా వాదించడం వేరు, ఉసిగొల్పడం వేరు అని కోర్టు గీత గీసింది.

హన్మకొండలో వానకు మోరీ పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చాయనుకోండి. ఆ ఫొటో కాలనీ గ్రూపులో పెట్టి, "కార్పొరేటర్ సారు ఓట్లప్పుడే కనిపిస్తడు" అని రాస్తే అది విమర్శ. సారుకు మండొచ్చు, నేరం మాత్రం కాదు. అదే "మోరీ పైసలు తిన్నడు" అని ఆధారం లేకుండా రాస్తే పరువునష్టం కిందికి రావచ్చు. అప్పుడు కూడా ఆయన మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేసుకోవాలి, పోలీసులు నేరుగా పట్టుకుపోయే కేసు కాదది.

66ఏ పోయింది కాబట్టి ఏం రాసినా చెల్లుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కులమతాల మధ్య చిచ్చు పెడితే భారతీయ న్యాయ సంహితలో (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 196 సెక్షన్, పరువునష్టానికి 356 సెక్షన్ ఉండనే ఉన్నాయి. విచిత్రమేమిటంటే, కొట్టేశాక కూడా కొన్ని ఠాణాల్లో 66ఏ కేసులు రాస్తూనే పోయారు. ఆపమని సుప్రీంకోర్టు 2022లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.