స్కాన్ నార్మల్.. మరి ఫిట్స్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. ఏడాదిగా పొద్దున్న లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్షో, టీ గ్లాసో జారిపోతోంది. కంగారు అనుకున్నాం. పోయిన నెల రొయ్యల చెరువు దగ్గర రాత్రంతా కాపలా ఉండి వచ్చాడు, తెల్లారాక ఫిట్స్‌తో పడిపోయాడు. స్కాన్ నార్మల్. 'మెదడులో కణాలన్నీ ఒక్కసారే రేగడం వల్ల' అన్నారు డాక్టరు గారు. అంటే ఏమిటండీ?
– ఒక తండ్రి, రాజోలు ప్రాంతం

జవాబు: కణాలు కలిసి పనిచేయడం జబ్బు కాదండీ. గాఢనిద్రలో మనందరి మెదడూ ఒకే లయలో నడుస్తుంది.

నాడీకణం చివర విడుదలైన రసాయనం సన్నని సందు దాటి పక్క కణాన్ని తాకుతుంది. గ్లుటమేట్ 'కానీ' అంటుంది, గాబా 'ఆగు' అంటుంది. గాబాను ఉత్త బ్రేకు అనుకుంటారు గానీ, నాకు మన కాలువల మీది లాకులు గుర్తొస్తాయి. తలుపులు వేస్తే పడవలన్నీ ఒకచోట ఆగేవి, తీస్తే కలిసి బయల్దేరేవి. గాబాను వదిలే కణం ఒక్కటే వందల కణాలను పట్టి ఆపుతుంది. ఆ పట్టు సడలగానే అవన్నీ ఒకేసారి మొదలెడతాయి. లయ పుట్టేది అలాగే. ఈ ఆపడం, వదలడంలో లెక్క తప్పితే మెదడు రెండువైపులా ఒక్కసారిగా ఎగసిపడుతుంది. క్షణంలో సర్దుకుంటే బ్రష్ జారుతుంది, సర్దుకోకపోతే ఫిట్స్.

స్కాన్‌లో కనిపించేది మెదడు ఆకారమే. లయ చూడాలంటే ఈఈజీ, అంటే తలకు తీగలు అంటించి మెదడు విద్యుత్ అలలను గీతలుగా గీసే పరీక్ష, తీయాలి. 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడు అలలను తొలిసారి నమోదు చేశాడు. ఒక్క కణం అలికిడి తల బయటికి అందదు, వేలకు వేలు కలిసి కదిలితేనే గీత లేస్తుంది.

ఇంతకీ ఆ బ్రష్ సంగతి మీ డాక్టరుకు చెప్పారా? చాలామంది చెప్పరు. మీరు రాసింది చూస్తే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే ఎదిగే వయసులో ఇలాంటి ఉలికిపాట్లతో మొదలయ్యే మూర్ఛ, అనిపిస్తోంది. పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను. కానీ అదే అయితే కార్బమజెపైన్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు ఆ ఉలికిపాట్లను పెంచగలవు, సరైన మందు పడితే చాలామందికి బాగా అదుపులో ఉంటుంది. అందుకే న్యూరాలజిస్టుకు ముందు ఆ మాటే చెప్పండి. తగ్గిందని మందు మీరే ఆపేయకండి, ఈ రకం తిరగబెడుతుంది.

మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలగుత్తీ వద్దు. ఫిట్స్ దానంతటదే ఆగే వేళకు గుత్తి చేతికొస్తుంది, పేరు ఇనుముకు పోతుంది. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. కాలువలో ఒంటరిగా స్నానానికి పంపకండి. చెరువు కాపలాకు ఇంకెవరినైనా పెట్టుకోండి, పరీక్షలున్నా సరే, రాత్రి వాణ్ణి నిద్రపోనివ్వండి.