అల్లుడూ, సంక్రాంతి డ్యూటీలో మెడ కోత కేసు వస్తే

అల్లుడూ, పండక్కి డ్యూటీ పడిందని మీ అమ్మ చెప్పి ఒకటే బాధపడుతోంది, నాకేమో వేరే బెంగ. హైదరాబాద్‌లో 108 అంటే ఆ మూడు రోజులూ గాలిపటాల మాంజా కేసులు తగులుతాయి. 2017లోనే గ్రీన్ ట్రిబ్యునల్ నైలాన్ మాంజా బ్యాన్ చేసింది, అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు, ఫ్లైఓవర్ మీద బండిలో పోయేవాడికి ఆ దారం కనపడి చావదు.

వెళ్లగానే గ్లవ్స్ వేసుకుని, రక్తం సరిగ్గా ఎక్కడ్నించి వస్తోందో అక్కడే గాజ్ గుడ్డ పెట్టి వేళ్లతో గట్టిగా నొక్కు. అరచెయ్యి మెడంతా వేసి నొక్కితే ఊపిరాడదు, రెండు పక్కలా ఒకేసారి అసలొద్దు, మెదడుకి రక్తం ఆగిపోతుంది. గాజ్ తడిస్తే పైనే ఇంకోటి పెట్టు, ఎత్తి చూడకు, కట్టిన గడ్డ ఊడొస్తుంది. జనం అప్పటికే చున్నీ మెడ చుట్టూ బిగించేసి ఉంటారు పాపం మంచికే అనుకుని, నొక్కిన చెయ్యి తియ్యకుండా దాన్ని వదులు చెయ్యి. కట్టు కట్టాల్సొస్తే గాజ్ మీద నుంచి అవతలి చంక కిందకి తిప్పు.

రక్తనాళం తెగిన చోట గాలి లోపలికి లాగితే అది గుండెదాకా పోతుంది, అందుకే గాలి దూరని డ్రెస్సింగ్ వేసి వెల్లకిలా పడుకోబెట్టు. నోట్లో రక్తం నిండుతుంటే మాత్రం వెల్లకిలా వద్దు, పక్కకి తిప్పి రక్తం లాగేసే సక్షన్ పెట్టు, స్పృహ ఉండి ముందుకి వంగి కూర్చుంటానంటే కూర్చోనీ. గొంతు బొంగురుపోయినా, బుడగలొచ్చినా, వాపు పెరుగుతున్నా ఇంక ఆలస్యం లేదు, సెలైన్ సూది కోసం రోడ్డు మీద టైం వేస్ట్ చెయ్యకు, బండి కదిలాక చూసుకోవచ్చు. సర్జన్ ఉన్న హాస్పిటల్‌కి ముందే ఫోన్ కొట్టించు.

ప్రతి యాక్సిడెంట్‌కీ మెడ కదలకుండా కాలర్ తగిలించే అలవాటుంది మనవాళ్లకి, ఉత్త కోత గాయానికి అది అడ్డమే, కింద ఏం జరుగుతోందో కనపడదు. బండి మీద నుంచి కూడా పడి కాళ్లూ చేతులూ తిమ్మిరంటే అప్పుడు తల కదలకుండా పట్టుకోవాలి. గాజుముక్క దిగి ఉంటే పీకకు, చుట్టూ ప్యాడ్లు పెట్టు. దాహం అని ఏడ్చినా నీళ్లు పట్టొద్దు, అన్నవాహిక తెగిందేమో మనకేం తెలుసు.

చెయ్యి నొప్పెడితే పక్కవాణ్ణి పిలువు, పోలీసు కేసు భయంతో వెనక్కి పోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవాళ్లకి రక్షణ ఇచ్చిందని చెప్పు. క్యాజువాలిటీలో డాక్టర్ తన చెయ్యి పెట్టేదాకా మీ చెయ్యి లేవకూడదు, స్ట్రెచర్ మార్చేటప్పుడే అందరూ వదిలేస్తారు, అక్కడే కొంప మునుగుతుంది, నర్సుగా ఎన్నిసార్లు అరిచానో.

నువ్వు కూడా డ్యూటీకి బండి మీద పోతే మెడకి మందంగా మఫ్లర్ చుట్టుకో. సకినాలు మీ మామయ్యతో పంపిస్తున్నా.