భీమిలికి పిల్లలను తీసుకువెళ్లే ముందు

కడప

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పదో తరగతి పిల్లలతో భీమిలి వెళ్తున్నామని రాశావు. ఉద్యోగంలో ఉండగా నేను మూడుసార్లు మా బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాను. మొదటిసారి బస్సు దిగగానే అందరినీ ఇసుకలోకి వదిలేశాను. అంతే, ఆ తర్వాత ఒక్కరూ నీళ్లు వదిలి రాలేదు. ఊరు చూడకుండానే తిరిగి వచ్చాం. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే సముద్రాన్ని చివరికి ఉంచు. పొద్దున్నే పావురాలకొండ ఎక్కించు. అక్కడ బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం బండను తొలిచి తొట్లు చేసుకున్నారు. విశాఖ నుంచి వచ్చే దారిలోని తొట్లకొండకూ బావికొండకూ ఆ పేర్లు వచ్చింది ఇలాంటి తొట్లు, బావుల వల్లనే. ఎదురుగా అంతులేని నీరు, తాగడానికి మాత్రం వాన చుక్కే దిక్కు! బిందె నీటి విలువ తెలిసిన మన సీమ పిల్లలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. తొట్టి పక్కన కాసేపు నిలబెట్టు, చాలు.

కొండ దిగాక గోస్తని సముద్రంలో కలిసే చోటు చూపించు. బొర్రా గుహల మీదుగా వచ్చే నది అది. గండికోట లోయను కోసిన మన పెన్నా కూడా నెల్లూరు జిల్లాలో ఇలాగే సముద్రంలో కలుస్తుందని అక్కడే చెప్పు.

డచ్చివారి సమాధుల దగ్గర మాత్రం తొందరపడవద్దు. మన పాత పుస్తకాల్లో ఒలందులంటే వీళ్లే. పదిహేడో శతాబ్దంలో వచ్చి, బట్టల వ్యాపారం చేసి, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. వెళ్లలేనివాళ్లు అక్కడే ఉండిపోయారు. కడప బండల మీద నడిచి పెరిగిన మన పిల్లలకు రాతి పని తెలుసు. ఆ రాళ్ల మీది చెక్కడాన్ని నోటుపుస్తకంలో గీసుకోమను, రాయిని మాత్రం గీకనివ్వకు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది, పాత వీధుల్లో కాసేపు నడిపించు. ఎర్రమట్టి దిబ్బలను దూరం నుంచి చూస్తే చాలు, ఎక్కి తొక్కితే ఆ మట్టి జారిపోతుంది.

ఇక సముద్రం. రెండోసారి వెళ్లినప్పుడు ఒక అబ్బాయి మోకాలి లోతులోనే నిలబడి ఉన్నాడు. వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేసింది, వాడు పడిపోయాడు. పక్కనే వల సర్దుకుంటున్న జాలరి చొక్కా పట్టి లాగకపోతే ఏమయ్యేదో! చెరువులో ఈత వచ్చినవాళ్లే ఎక్కువ ధైర్యం చేస్తారు, వాళ్ల మీద కన్ను వేసి ఉంచు. ఏ చోట దిగవచ్చో అక్కడి జాలర్లనే అడుగు. పదిమందిని మించి ఒకేసారి దింపవద్దు. చీలమండ దాటనివ్వకు, చీకటి పడకముందే బస్సు ఎక్కించి లెక్క చూసుకో.

వచ్చాక పిల్లలు గీసిన బొమ్మ ఒకటి నాకు పంపు. మీ పెద్దమ్మ కూడా చూస్తానంటోంది.

మీ పెదనాన్న