క్యాంపస్ సెలక్షన్లకు వెళ్లనంటున్నాడు, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె, రొయ్యల సాగు. మా అబ్బాయి నెల్లూరులో మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. ఉద్యోగం వద్దు, గుంట నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్ల రిపేరు షాపు పెడతానంటున్నాడు. తెల్లమచ్చ రోగానికి రెండు పంటలు పోగొట్టుకున్నవాణ్ని. వీడికి ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

జవాబు: మీ గుంట గట్టు మీదే పుట్టిందన్నా. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ ఏరియేటర్ ఆగి, రొయ్యలు పైకి తేలుతుంటే, మెకానిక్ కోసం మీరు ఫోన్లు చెయ్యడం వాడు చిన్నప్పటి నుంచి చూసే ఉంటాడు.

విద్యార్థుల్లో సొంత వ్యాపారం ఆలోచన దేనివల్ల గట్టిపడుతుందో చూసేందుకు పరిశోధకులు ఎక్కువగా వాడేది మనస్తత్వ శాస్త్రవేత్త ఐజెక్ ఐజెన్ 1991లో వివరించిన సిద్ధాంతం. ఆ పని మీద ఇష్టం, అయినవాళ్ల మాట, నావల్ల అవుతుందన్న నమ్మకం, ఈ మూడూ చూడాలంటాడాయన. మన దగ్గర రెండోది చాలా బరువు. పిల్లవాడు దెబ్బతింటే ఇంటిల్లిపాదికీ తగులుతుంది కాబట్టి మీ భయం తప్పు కాదు. కానీ మీరు గట్టిగా వద్దంటే వాడు ఇక మీతో లెక్కలు మాట్లాడడు. నాకు అదే బెంగ.

మీ వాడికి ఇష్టం ఉంది. నమ్మకం సంగతి తేలాలి. గేర్‌బాక్స్ సొంతంగా విప్పి ఆయిల్ సీల్ మార్చాడా? సెలవుల్లో ఒక మెకానిక్ దగ్గర పనికి పెట్టండి. రోజుకు ఎన్ని పిలుపులొచ్చాయి, సామానుకు ఎంతైంది, చేతికి ఎంతొచ్చింది నోటుపుస్తకంలో రాయమనండి. ఈ వ్యాపారంలో అసలు చిక్కు అప్పు బేరం. రైతు రొయ్యలు పట్టి అమ్ముకున్నాకే డబ్బిస్తాడు. అన్నాళ్లూ సామాను కొనడానికి చేతిలో పెట్టుబడి ఆడాలి.

సెలక్షన్లకు మాత్రం వెళ్లమనండి, రాసినంత మాత్రాన షాపు ఆగిపోదు. పొలం తాకట్టు పెట్టొద్దు. ముద్ర పథకంలో 50,000 రూపాయల వరకు ‘శిశు’ అనే చిన్న రుణం హామీ లేకుండా ఇస్తారు, మొదట అది చాలు. మొదటే పెద్దగా పెట్టాలనుకుంటే, కొత్త యూనిట్లకు కేంద్రం సబ్సిడీతో రుణం ఇప్పించే పీఎంఈజీపీ పథకం ఉంది. పల్లెలో పెడితే జనరల్ వాళ్లకు 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 35 శాతం సబ్సిడీ.

నోటుపుస్తకంలో మొదటి పేజీ మీ గుంటల లెక్కే రాయించండి. పోయిన పంటలో రిపేర్లకు మీరు ఎంతిచ్చారు, ఎన్నాళ్లకిచ్చారు. అది మీరే పక్కన కూర్చుని చెప్పండి.