పాలిచ్చే తల్లి షుగర్ మాత్ర వేసుకోవచ్చా?

చంటి బాబుకి పాలిస్తున్నప్పుడు మెట్‌ఫార్మిన్ రాశారని, మాత్ర వేసుకుంటే పాలు మాన్పించాలా అని అడిగారు. మాన్పించక్కర్లేదండి. నాకు గర్భం రాకముందు నుంచే టైప్ 2 షుగర్ ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఇన్సులిన్ ఇచ్చి, కాన్పయ్యాక మళ్లీ మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టారు. అది వేసుకుంటూనే మా పాపకి పాలిచ్చాను.

మా ఇంట్లో పెద్దవాళ్లు చాలా భయపడ్డారు, తల్లి మింగిందంతా పాలల్లోకి దిగుతుందని. మందు దిగే మాట నిజమే, కానీ ఎంత దిగుతుందన్నదే ముఖ్యం. తల్లికి కిలో బరువుకి పడే మోతాదుతో పోలిస్తే, బిడ్డకి కిలో బరువుకి పాల ద్వారా అందేది సుమారు అర శాతమే. మామూలుగా 10 శాతం లోపు ఉంటే పర్వాలేదంటారు. పరీక్షించిన పిల్లల్లో షుగర్ తగ్గిన దాఖలా కూడా లేదు. పైగా ఈ మందు పాలల్లో రోజంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. అందుకని మాత్ర వేసుకున్నాక గంటలు లెక్కపెట్టుకోవడం, పాలు పిండి పారబోయడం వంటివి వద్దు. బాబు నెలలు నిండకుండా పుట్టినా, కిడ్నీ సమస్య ఉన్నా మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పండి. మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది కిడ్నీల నుంచే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. షుగర్ మాత్రలన్నీ ఒకటి కావు. చాలా మాత్రల్లో మెట్‌ఫార్మిన్‌తో పాటు వేరే మందు కలిసి ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవండి. గ్లిమెపిరైడ్ లాంటివి షుగర్‌ని బాగా కిందికి లాగుతాయి కాబట్టి, అవి తప్పనిసరైతే బిడ్డని గమనిస్తూ ఉండాలి. కిడ్నీల మీద పనిచేసే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు పాలిచ్చేవాళ్లకి వద్దంటారు. పిల్లల కిడ్నీలు రెండేళ్ల వరకు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి మరి. సెమాగ్లుటైడ్ మాత్ర కూడా వద్దనే చెబుతారు. ఇన్సులిన్ గురించి మాత్రం టెన్షన్ పడకండి. అది తల్లిపాలల్లో సహజంగానే ఉంటుంది, బిడ్డ కడుపులో అరిగిపోతుంది.

మీ గురించి కూడా ఒక మాట. పాలివ్వడం వల్ల తల్లికి షుగర్ తగ్గుతుంది. మొదట్లో నాకు రాత్రిపూట కొంచెం ఇన్సులిన్ ఉండేది. పాప పాలు తాగుతుండగానే నాకు చేతులు వణికి, చెమటలు పట్టేవి. డాక్టర్‌కి చెబితే మోతాదు తగ్గించి, పాలు పట్టే ముందు ఏదైనా కాస్త తినమన్నారు. ఉత్త మెట్‌ఫార్మిన్‌తో ఇలా అవడం అరుదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ తోడైతే మాత్రం పక్కనే తినడానికి ఏదో ఒకటి పెట్టుకోండి.

భయపడి మాత్ర మానేయకండి, పాలూ ఆపకండి. స్ట్రిప్ తీసుకెళ్లి పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించండి. ఈలోపు బాబు మరీ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఒళ్లు వణుకుతున్నా ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.