బెల్టు ఒక గడి జరిగితే బిట్టూ ఒక గడే జరగాలి

ప్రశ్న: పలాసలో జీడిపప్పు ప్యాకింగ్ యూనిట్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. తూకం తగ్గిన ప్యాకెట్టును, కాటాకు 90 సెంటీమీటర్ల అవతల ఉన్న పుషర్ పక్కకు నెట్టాలి. శిక్షణలో అలెన్ బ్రాడ్లీ పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) మీద, బిట్లను ఒక్కో గడి జరిపే బీఎస్ఎల్ ఇన్‌స్ట్రక్షన్‌తో ఇదే పని సరిగ్గా చేశాను. ఇక్కడి సీమెన్స్ ఎస్7-1200లో ప్యాకెట్ సెన్సర్‌ను బిట్లను జరిపే ఎస్‌హెచ్‌ఎల్ ఇన్‌స్ట్రక్షన్‌కు కలిపితే, తగ్గిన ప్యాకెట్ ఇంకా కాటా మీద ఉండగానే పుషర్ కొట్టి, ముందున్న మంచి ప్యాకెట్టును పడేస్తోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు నేర్చుకున్నది తప్పు కాదు, రెండు ఇన్‌స్ట్రక్షన్ల స్వభావమే వేరు. తగ్గిన ప్యాకెట్‌కు గుర్తుగా మొదటి గడిలో ఒకటి అనే బిట్టు వేసి, ప్యాకెట్‌తోపాటు గడి గడికీ జరుపుతూ, అది పుషర్ గడికి చేరగానే కొట్టించడమే ఈ పద్ధతి. బీఎస్ఎల్ తన రంగ్ (ప్రోగ్రామ్‌లోని ఒక వరుస) ఫాల్స్ నుంచి ట్రూకు మారిన క్షణంలో ఒక్కసారే జరుపుతుంది. ఎస్‌హెచ్‌ఎల్ అలా కాదు, ఈఎన్ (దాన్ని పనిచేయించే ఇన్‌పుట్) ట్రూగా ఉన్నంతసేపూ ప్రతి స్కాన్‌లోనూ, అంటే ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరిదాకా నడిచిన ప్రతిసారీ, జరుపుతూనే ఉంటుంది. మీ ప్యాకెట్ సెన్సర్ ముందు 200 మిల్లీసెకన్లు ఉండి, స్కాన్‌కు 10 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, ఒక్క ప్యాకెట్‌కే 20 జరుగుళ్లు అవుతాయి. అంటే, 10 సెంటీమీటర్లకు ఒక గడి చొప్పున 9 గడులు దాటి పుషర్‌ను చేరవలసిన బిట్టు 90 మిల్లీసెకన్లలోనే అక్కడికి చేరిపోతుంది; ప్యాకెట్ మాత్రం ఇంకా కాటా మీదే ఉంటుంది. కాబట్టి ఎస్‌హెచ్‌ఎల్‌కు ముందు, సిగ్నల్ సున్నా నుంచి ఒకటికి మారిన స్కాన్‌లో మాత్రమే ట్రూ అయ్యే పాజిటివ్ ఎడ్జ్ కాంటాక్ట్ పెట్టండి, పాత స్థితిని గుర్తుంచుకోవడానికి దానికిచ్చే మెమరీ బిట్టును ప్రోగ్రామ్‌లో మరెక్కడా వాడకండి. మిత్సుబిషి పీఎల్‌సీ వాడేవారు బిట్లను జరిపే ఎస్ఎఫ్‌టీఎల్‌కు బదులు చివర ‘పీ’ ఉన్న ఎస్ఎఫ్‌టీఎల్‌పీ రాసేది ఇందుకే.

ఇంతటితో ఒక తప్పు తీరుతుంది గాని, అసలు చిక్కు మీ సెన్సర్ ఎంపికలో ఉందని నా అభిప్రాయం. ప్యాకెట్లు చేత్తో పెట్టే చదునైన బెల్టు మీద వాటి మధ్య ఎడం ఒకేలా ఉండదు కనుక, ప్యాకెట్ వచ్చినప్పుడల్లా బిట్టును జరిపితే లెక్క నిలవదు. బెల్టు ఎంత జరిగిందో అదే కొలవాలి. చివరి రోలర్ స్ప్రాకెట్ ముందు ప్రాక్సిమిటీ సెన్సర్ (లోహపు పన్ను దగ్గరకు రాగానే గుర్తించేది) బిగించి, బెల్టు 10 సెంటీమీటర్లు కదిలితే ఒక పల్స్ వచ్చేలా చూసుకుంటే, 90 సెంటీమీటర్లకు సరిగ్గా 9 పల్స్‌లు వస్తాయి. 5 సెంటీమీటర్ల పల్స్ అయితే 18 గడులు కావాలి, 16 బిట్ల వర్డ్ చాలదు, 32 బిట్ల డబుల్ వర్డ్ తీసుకోవాలి.

రంగ్‌ల వరుస కూడా ముఖ్యమే. ముందు జరపండి, తరువాతే కాటా సిగ్నల్‌తో మొదటి బిట్టును సెట్ చేయండి. తలకిందులైతే, పల్స్ కూడా అదే స్కాన్‌లో వచ్చినప్పుడు బిట్టు వెంటనే ఒక గడి ముందుకు పోయి, పుషర్ ఒక గడి తొందరపడుతుంది. కాటా సిగ్నల్‌కూ ఎడ్జ్ పెట్టండి, లేకపోతే ఒకే ప్యాకెట్ రెండు గడులు ఆక్రమించవచ్చు.

ఎంతోమంది తలలు పట్టుకునే సంగతి ఇంకొకటి ఉంది. ఎండబ్ల్యూ20 అనే వర్డ్‌లో పెద్ద బైట్ (ఎక్కువ విలువున్న 8 బిట్లు) ఎంబీ20, చిన్న బైట్ ఎంబీ21. అందుచేత సున్నా నంబరు బిట్టు ఎం20.0 కాదు, ఎం21.0, పుషర్ చూడవలసిన 9వ నంబరు బిట్టు ఎం20.1. ఎం20.0ను మొదటి గడి అనుకుని సెట్ చేస్తే అది నిజానికి 8వ నంబరు కనుక, మరో పల్స్‌కే పుషర్ కొట్టేస్తుంది.

చివరగా కరెంటు సంగతి. సరఫరా పోయినప్పుడు బెల్టు మీది ప్యాకెట్లను ఎవరో ఒకరు సర్దకుండా ఉండరు; కరెంటు వచ్చాక వర్డ్‌లో ఏ విలువ ఉన్నా దానిని నమ్మడానికి లేదు. మొదటి స్కాన్‌లో వర్డ్‌ను సున్నా చేయమని కొందరంటారు గాని, అలా చేస్తే తూకం తగ్గిన ప్యాకెట్ దర్జాగా పెట్టెలోకి వెళ్లిపోతుంది. నేనైతే 16#03ఎఫ్ఎఫ్ (హెక్సాడెసిమల్‌లో రాసిన విలువ) వేస్తాను. అప్పుడు 0 నుంచి 9 దాకా బిట్లన్నీ ఒకటి అవుతాయి, కాటాకూ పుషర్‌కూ మధ్య ఉన్న ప్రతి ప్యాకెట్టూ పక్కకు పడుతుంది, వాటిని మళ్లీ తూచుకుంటే సరిపోతుంది. ఖాళీ గడి వచ్చినచోట పుషర్ గాలిని కొడుతుంది, దానివల్ల నష్టమేమీ లేదు.