మేనకోడలికి, వాతావరణ వార్తలు రాసే ముందు

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీకు పర్యావరణం బీటు ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. క్రైమ్ ఇస్తే బాగుండేదని మొహం ముడుచుకున్నావట. ఇందులోనూ నేరాలుంటాయమ్మా, ఎఫ్ఐఆర్ ఉండదంతే.

అమెరికాలోలా భూమి వేడెక్కుతోందా లేదా అనే కొట్లాట మన దగ్గర పెద్దగా లేదు. ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలన్నదే మన పేచీ. మొత్తం కర్బన ఉద్గారాల్లో ఇండియాది మూడో స్థానం అని బయటి పత్రికలు రాస్తాయి. మనిషికి లెక్కేస్తే మాది ఏడాదికి రెండు టన్నులే, అమెరికా వాళ్ళది పద్నాలుగు అని ఢిల్లీ అంటుంది. రెండూ నిజమే. రెండూ ఒకే పేరాలో రాయి. ఒకటే రాస్తే ఎవరో ఒకరి తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టే.

తర్వాత, ప్రతి అంకె ఎక్కడ పుట్టిందో వెతుకు. 1990 ప్రాంతంలో మన వరి పొలాలు ఏటా 3.78 కోట్ల టన్నుల మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) వదులుతున్నాయని అమెరికా పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. ఎక్కడి పొలాల కొలతలో తెచ్చి మన విస్తీర్ణంతో హెచ్చవేశారు. నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి చెందిన ఏ.పి. మిత్రా బృందం 1991లో మన మళ్ళలోనే కొలిస్తే తేలింది సుమారు 40 లక్షల టన్నులు! మన వరి పంటంతా నిలవ నీళ్ళలో నానదు కదా, వాన మీద పండేదీ మధ్యలో ఆరేదీ చాలానే ఉంది.

అలాగని పొరపాటు ఎప్పుడూ అవతలివాడిదే అనుకోకు. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035కల్లా కరిగిపోవచ్చని 2007లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, నివేదికలో వచ్చింది. అంత వేగంగా తరిగిపోతున్న దాఖలా లేదంటూ భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ)లో రిటైరైన వి.కె. రైనా రాసిన పత్రాన్ని 2009లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ విడుదల చేశారు. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ కూడా మనవాడే. ఆయన రైనా పత్రాన్ని మంత్రతంత్రాల సైన్సని కొట్టిపారేశారు. తీరా తీగ లాగితే, ఆ 2035కి ఆధారం ఒక స్వచ్ఛంద సంస్థ నివేదిక. ఆ నివేదికకు ఆధారం 1999లో ఒక సైన్స్ పత్రికలో వచ్చిన వార్త. మనలాంటి విలేకరి రాసిన వార్తే, అమ్మాయీ! 2010 జనవరిలో ఐపీసీసీ విచారం ప్రకటించింది. దాంతో అంతా బూటకమే అని ఎగిరినవాళ్ళకూ తలంటాల్సిందే. వేడి 1.5 డిగ్రీల దగ్గర ఆగినా ఈ శతాబ్దం చివరికి అక్కడి మంచులో మూడో వంతు పోతుందని 2019లో ఖాట్మండూలోని పర్వత ప్రాంత పరిశోధన సంస్థ చెప్పింది. సవరణ వార్తను లోపలి పేజీలో చిన్న కాలమ్‌లో వేసి ఊరుకుంటాం చూడు, ఆ అలవాటు నీకొద్దు.

ఇక మన గుమ్మంలో సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. వాగు మీది వెలగలేరు లాకులు ఎత్తేశారని ఒకరు, గట్లు పట్టించుకోకుండా వదిలేశారని ఇంకొకరు. టీవీలో రాత్రి దాకా అదే గోల. వాన అసాధారణమైందే. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, మునుపెన్నడూ లేనంత. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది కాబట్టి ఇలాంటి కుండపోతలు పెరుగుతాయన్నదీ నిజమే. కానీ ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాయకులు, అధికారులు అంతా వాతావరణ మార్పు వల్లే అన్నప్పుడు జాగ్రత్త పడు. వాగు దారిలో ఇళ్ళు కట్టుకోమన్నది ఆకాశం కాదు.

అందుకే రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగు. వాన ఎంత, పాత రికార్డు ఎంత అని వాతావరణ శాఖను. గట్టు ఆఖరిసారి ఎప్పుడు బలపరిచారు, బిల్లు ఎంతైంది అని ఇరిగేషన్ ఇంజనీరును. రెండో ప్రశ్నకే మనిషి నసుగుతాడు, అక్కడే వార్త ఉంటుంది.

వానలు మునుపటిలా లేవని రైతు అంటే కొట్టెయ్యకు, అలాగే అచ్చేసెయ్యకు. ఆ మండలం పాత వర్షపాతం పట్టికలు అర్థగణాంక శాఖ ఆఫీసులో అడుగు. పట్టిక జిరాక్సు తీసి నాకూ ఒకటి పంపు. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం వెళ్ళకు, సెక్షన్‌లో ఎవరూ ఉండరు.

మావయ్య